అలసిన చేప మళ్లీ నదిలోకి

కోట్‌పల్లి జలాశయంలో వల వేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. బొచ్చె, రవ్వ చేపలు నిలవ నీటిలో ఎంత లావుగా పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. అందుకే ఏటా చేపపిల్లలను తెచ్చి చెరువుల్లో వదులుతారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలో గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఇలాంటి చేపల చేత గుడ్లు పెట్టించాడు. మన చెరువులకు చేపపిల్లలు దొరకడానికి దారి తీసింది ఆ ప్రయోగమే. ఆ తేదీనే మన దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

కొత్త పిల్లలను పుట్టించడం మనిషి అలా నేర్చుకున్నాడు. అయితే ఒకసారి గుడ్లు పెట్టి, ఒళ్లంతా అరిగిపోయి, చావుకు దగ్గరైన చేపను బతికించి తిరిగి నదికి పంపడం వేరే పని. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, యాకిమా నది ఒడ్డున, కొందరు పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్నారు. దాని గురించి చదువుతున్నప్పుడు మన సంఘాల్లోని చాలామంది ముఖాలు మాకు గుర్తుకొచ్చాయి.

ఆ చేప పేరు స్టీల్‌హెడ్. ఇది ట్రౌట్ జాతిది. నీలగిరి కొండల వాగుల్లో బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌటూ ఇదీ ఒకే జాతి. తేడా అల్లా, స్టీల్‌హెడ్ వలస చేప. కొండ వాగులో పుడుతుంది, సముద్రానికి పోయి అక్కడ పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తుంది. వేసవిలోనో శరత్కాలంలోనో కొలంబియా నదిలో ప్రవేశించిన చేప చలికాలమంతా నదిలోనే గడిపి, వసంతంలో గుడ్లు పెడుతుంది. ఈ నెలలన్నీ దానికి దాదాపు ఉపవాసమే. ఒంట్లో దాచుకున్న కొవ్వే దాని తిండి.

అదే నదికి వచ్చే సాల్మన్ చేపలు గుడ్లు పెట్టాక చనిపోతాయి. స్టీల్‌హెడ్ అలా కాదు. తిరిగి సముద్రానికి పోయి, కోలుకుని, మళ్లీ వచ్చి గుడ్లు పెట్టే శక్తిని సృష్టికర్త దానికి ఇచ్చాడు. అలా గుడ్లు పెట్టి తిరుగు ప్రయాణంలో ఉన్న బక్కచిక్కిన చేపను కెల్ట్ అంటారు. రెక్కలు చిరిగి, రంగు మాసి, తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా కనిపిస్తుంది. చూసినవారు ఇక దీని పని అయిపోయిందనే అనుకుంటారు.

నిజానికి దాని పని అయిపోలేదు. దాని దారి మూసుకుపోయింది. యాకిమా నుంచి సముద్రానికి చేరాలంటే కొలంబియా నది మీద మెక్‌నారీ, జాన్ డే, ది డాల్స్, బోన్‌విల్ అనే 4 పెద్ద ఆనకట్టలు దాటాలి. పైకి ఎక్కే చేపల కోసం మెట్ల కాలువలు కట్టారు. కానీ శక్తి అంతా ఖర్చయిన చేప కిందికి దిగేటప్పుడు నిలవ నీళ్లలో దారి వెతుక్కుంటూ, విద్యుత్ చక్రాలను తప్పించుకుంటూ పోవాలి. అందుకే రెండోసారి గుడ్లు పెట్టడానికి తిరిగి వచ్చేవి చాలా తక్కువ. 1999లో ఈ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న చేపగా ప్రకటించింది.

దీన్ని పట్టించుకున్నవారు అక్కడి మూలవాసులైన యాకమా ప్రజలు. 1855లో ప్రభుత్వంతో చేసుకున్న ఒడంబడికలో వారు విస్తారమైన భూమిని వదులుకున్నారు గానీ, తాతల నాటి చోట్ల చేపలు పట్టుకునే హక్కును వదులుకోలేదు. 1957లో ది డాల్స్ ఆనకట్ట నీళ్లలో సెలైలో జలపాతం మునిగిపోయింది. వేల సంవత్సరాలుగా ఎన్నో తెగలు కలిసి చేపలు పట్టిన చోటు అది. చేపకు జరిగిన నష్టం తమ ఇంటికి జరిగిన నష్టమని వారికి తెలుసు. కొలంబియా నది తెగల ఉమ్మడి మత్స్య సంఘంతో కలిసి ప్రాసర్ అనే ఊరిలో కెల్ట్‌ల సంరక్షణ మొదలుపెట్టారు.

పని ఇలా జరుగుతుంది. వసంతంలో నది దిగువకు వచ్చే కెల్ట్‌లను ఒక కాలువ దగ్గర ఆపి, పెద్ద తొట్లలోకి చేరుస్తారు. మొప్పలను పట్టుకున్న పరాన్నజీవులు పోవడానికి మందు వేస్తారు. ఒంటి మీద బూజు పట్టకుండా చూస్తారు. నెలల తరబడి తినని చేపకు ఒక్కసారిగా గట్టి మేత పెడితే ముట్టదు. అందుకే ముందు క్రిల్ అనే చిన్న సముద్రపు రొయ్య లాంటి ప్రాణిని ఇస్తారు. అది సముద్రంలో తిన్న రుచికి దగ్గరగా ఉంటుంది. తినడం అలవాటయ్యాక మెల్లగా గుళికల మేతకు మారుస్తారు. ఇలా కొన్ని నెలలు గడిచాక, సముద్రం నుంచి కొత్త స్టీల్‌హెడ్‌లు నదిలోకి వచ్చే శరత్కాలంలోనే, కోలుకున్న వీటినీ నదిలో వదులుతారు. అవి మిగతావాటితో కలిసి తమ వాగులకు ఎక్కిపోతాయి.

తెచ్చినవన్నీ బతకవు. కొన్ని ఏళ్లలో సగం కూడా నిలవవు. బతికినవాటిలోనూ కొన్నింటికి ఆ ఏడు గుడ్లు పట్టవు. వాటిని పారేయరు, ఇంకో ఏడాది మేపుతారు. హేచరీలో లక్షల పిల్లలను పుట్టించడం దీనికంటే సులువు కదా అని ఎవరైనా అడగవచ్చు. సులువే. కానీ తొట్టిలో పుట్టిన పిల్లకు ఆ నది తెలియదు. కెల్ట్ ఆ నదిలో పుట్టింది, సముద్రం చూసింది, ఆనకట్టలు దాటి వచ్చింది, ఒకసారి సంతానాన్ని ఇచ్చింది. ఆ నదికి తగినదని అది ఇప్పటికే రుజువు చేసుకుంది.

మనకూ ఇలాంటి చేప ఒకటి ఉంది, గోదావరి పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత తెలుగువారందరికీ తెలుసు. సముద్రంలో విలసగా ఉండి, వరద కాలంలో ఎర్రనీటికి ఎదురీది పులస అవుతుంది. ఇదీ బతికి తిరిగి సముద్రానికి పోగల చేపే. ధవళేశ్వరం దగ్గర దాని దారికి ఆనకట్ట అడ్డం వచ్చింది. 1847 నుంచి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్ట కరువుతో చచ్చే డెల్టాకు అన్నం పెట్టింది. భక్తిగల క్రైస్తవుడైన ఆ దొరను గోదావరి జిల్లాల రైతులు నేటికీ తలుచుకుంటారు. అన్నం పెట్టిన ఆనకట్టే చేపకు అడ్డుగోడ అయింది. మనిషి చేసే మంచి పనికి కూడా ఎవరో ఒకరు వెల చెల్లిస్తారని, ఆ చెల్లించేవారికి నోరు ఉండకపోవచ్చని ఇది మనకు నేర్పుతుంది.

పులసను తొట్టిలో పెట్టి కోలుకునేలా చేయడం చాలా కష్టం. వలలో పడిన కాసేపటికే ప్రాణం విడిచేంత సుకుమారమైన చేప అది. గంగానది మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పై నదిలో ఇదే జాతి చేప కరువైంది. అక్కడ బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు ప్రాణంతో దొరికిన చేపలను జాగ్రత్తగా తీసుకుపోయి బ్యారేజీ పైభాగాన వదులుతున్నారు. గోడను తీయలేనప్పుడు చేపను చేతులతో ఎత్తి దాటించడం అన్నమాట.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ఇలాగే కనిపిస్తాడు. కర్మెలు కొండ మీద గొప్ప పని చేసిన ప్రవక్త, ఆ తర్వాత అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి తనకు చావు రమ్మని కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు, వెంటనే పని కూడా చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. రెండోసారి కూడా తినిపించాడు, ఎందుకంటే ముందున్న ప్రయాణం దూరం. ఆ తర్వాతే హోరేబు, ఆ తర్వాతే వచ్చిన దారినే తిరిగి వెళ్లమనే ఆజ్ఞ. యోహాను సువార్త 21వ అధ్యాయంలో యేసు ప్రభువు కూడా పేతురును ప్రశ్న అడగడానికి ముందు, నిప్పుల మీద చేప కాల్చి భోజనం పెట్టాడు.

మన సంఘాల్లో కెల్ట్‌లు లేరా? తాండూరు, వికారాబాద్ పల్లెల్లో కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలలో కొందరు ముసలితనంలో ఒంటరిగా ఉన్నారు. 30 ఏళ్లు సండే స్కూలు నడిపిన అక్కకు మోకాళ్ల నొప్పి వచ్చాక ఇంటికి పోయి పలకరించినవారు లేరు. వలస అనే మాట మన ప్రాంతానికి కొత్త కాదు. ముంబై, పుణె కూలి పనులకు పోయి, ఒళ్లు అరగదీసుకుని తిరిగి వచ్చిన అన్నలు ఆదివారం వెనక వరుసలో కూర్చుని వెళ్లిపోతున్నారు. కొత్తవారిని చేర్చుకోవడం మీద ఉన్న శ్రద్ధ అలసినవారిని నిలబెట్టడం మీద ఉండడం లేదు.

ప్రాసర్ తొట్ల దగ్గర నేర్చుకోదగినవి మూడున్నాయి. మొదటిది, అలసిన ప్రాణికి ముందు కావలసింది అది తినగలిగేది. బాధలో ఉన్నవారికి పొడవైన ప్రసంగం గట్టి మేత లాంటిది. పక్కన కూర్చోవడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం, ఒక పూట అన్నం తీసుకెళ్లడం వారికి ముందు రుచించే ఆహారం. రెండోది, ఒక కాలంలో కోలుకోనివారిని విడిచిపెట్టకూడదు. వారికి ఇంకో ఏడాది కావాలేమో. మూడోది, తొట్టి ఇల్లు కాదు. చేపను నయం చేసేది నదికి పంపడానికే. కోలుకున్నవారికి జాలి చూపుతూ కూర్చోబెట్టక, వారి చేతికి మళ్లీ పని అప్పగించాలి.

మన పక్కనే ధారూరులో దాదాపు వందేళ్లుగా నవంబరులో మెథడిస్టు జాతర జరుగుతోంది. పల్లెల నుంచి వచ్చినవారు గుడారాలు వేసుకుని, కలిసి వండుకుని, కలిసి ప్రార్థించి, బలం పుంజుకుని ఇళ్లకు పోతారు. ఈసారి వెళ్లేటప్పుడు ప్రతి కుటుంబం తనంతట తాను రాలేని ఒక్కరిని వెంట తీసుకెళ్తే చాలు. వారి సంచి మనం మోద్దాం, వారికి మన గుడారంలో చోటిద్దాం. తిరిగి వచ్చాక, సంఘంలో వారు ఒకప్పుడు చేసిన పనిని మళ్లీ చేయమని అడుగుదాం.