డబ్బా మీది రంగు చూసి మందు కొట్టండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వరి, పత్తి, పసుపు వేసే రైతు సోదరులు ‘ఈ మందు ఏ పురుగుకు పనిచేస్తుంది?’ అని అడుగుతారు గానీ, డబ్బా మీది గుర్తు చూసేవారు తక్కువ. చదువు రానివారికి కూడా తెలిసేలా 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం ప్రతి లేబుల్‌ మీద వజ్రాకారపు గుర్తు ఉండాలి. దాని కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక ఉంటాయి.

ఎరుపు: అత్యంత విషపూరితం. పుర్రె, ఎముకల బొమ్మ, ‘విషం’ అనే మాట ఉంటాయి.

పసుపుపచ్చ: ఇదీ ఎక్కువ విషమే. పుర్రె బొమ్మ ఉండదు గానీ ‘విషం’ అని రాసి ఉంటుంది.

నీలం: ఓ మోస్తరు విషం. ‘ప్రమాదం’ అని ఉంటుంది.

ఆకుపచ్చ: స్వల్ప విషం. ‘జాగ్రత్త’ అని ఉంటుంది.

ఈ రంగు మనిషికి కలిగే ముప్పును చెబుతుందే తప్ప పురుగు చచ్చే తీరును కాదు. ఎరుపు డబ్బా అయితే బాగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ఆకుపచ్చ ఉందని చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ మానరాదు.

మందును వేరే సీసాలోకి ఒంపకండి. విరుగుడు మందు పేరు లేబుల్‌ మీదే ఉంటుంది. మందు కొట్టేటప్పుడు కళ్లు తిరిగినా, వాంతులైనా, చొంగ కారినా వెంటనే బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ డబ్బానూ వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించాలి.