రాకెట్టు వెళ్లాకే మొదలయ్యే కొలువు

సూళ్లూరుపేట: శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిసిన రోజున పులికాట్ సరస్సు ఒడ్డున గుమిగూడే జనానికి కనిపించేది కొద్ది నిమిషాల నిప్పురేఖే. విశ్వపటాన్ని గీసే ఖగోళ భౌతిక శాస్త్రవేత్తకు అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. ఆ కొలువుకు ఎంత ఓపిక కావాలో ఆస్ట్రోశాట్ ఉపగ్రహం చెబుతుంది.

ఖగోళ పరిశోధనకే అంకితమైన ఈ తొలి భారతీయ ఉపగ్రహానికి 2004లో ఆమోదం లభించింది. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 దీనిని శ్రీహరికోట నుంచి 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. (నాడు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.) పాతికేళ్ల వయసులో ఈ పనికి పూనుకున్న పరిశోధకుడికి ప్రయోగం నాటికి ముప్పై ఆరేళ్లు నిండుతాయన్నమాట!

గెలాక్సీలు వెలువరించే అతినీలలోహిత కిరణాలను భూవాతావరణం చాలావరకు అడ్డుకుంటుంది. ప్రాణికోటికి అది కవచం, పరిశోధకుడికి తెర. అందుకే టెలిస్కోపును అంతరిక్షానికి పంపవలసి వస్తోంది.

2016 అక్టోబరులో ఆస్ట్రోశాట్ టెలిస్కోపు ఆకాశంలోని ఒక చిన్న భాగంపై 28 గంటలపాటు దృష్టి నిలిపింది. అందులో ఒక మసక చుక్క కనిపించింది. అది నిజంగా గెలాక్సీ కాంతేనా? పరికరంలో పుట్టిన అలజడా? దారిలో ఉన్న మరో వస్తువు వెలుగా? పుణెలోని అయుకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం ఈ అనుమానాలను తీర్చుకోవడానికి దాదాపు రెండేళ్లు శ్రమించింది. 2020 ఆగస్టులో ‘నేచర్ ఆస్ట్రానమీ’ పత్రికలో ఫలితం వెలువడింది. ఏయూడీఎఫ్‌ఎస్‌01 అనే ఆ గెలాక్సీ నుంచి కాంతి బయలుదేరి 930 కోట్ల సంవత్సరాలైంది. అప్పటికి సూర్యుడే పుట్టలేదు. 2.4 మీటర్ల అద్దం గల హబుల్‌లో నేపథ్య అలజడి ఎక్కువ కావడంతో ఈ కిరణాలు దానికి చిక్కలేదు. ఆస్ట్రోశాట్ అద్దం మీటరులో సగం కూడా లేదు.

ఇంత దూరాన్ని ఎలా కొలుస్తారు? విశ్వం వ్యాకోచించే కొద్దీ ప్రయాణంలో ఉన్న కాంతి సాగి ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి దూరాన్ని లెక్కగడతారు. ఆకాశంలో దిక్కుకు ఈ దూరం తోడైతేనే పటంలో ఆ గెలాక్సీకి చోటు దొరుకుతుంది.

ఈ రంగంలోకి రావాలంటే భౌతిక, గణిత శాస్త్రాల్లో పట్టు, ఎమ్మెస్సీ తరువాత కొన్నేళ్ల పీహెచ్‌డీ కావాలి. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తప్పనిసరి. రాత్రంతా టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చోవడం ఇప్పుడు సినిమాల్లోనే. ఆస్ట్రోశాట్ సేకరించిన పాత సమాచారాన్ని ఇస్రో 2018లో అందరికీ అందుబాటులో ఉంచింది. ఇంటర్నెట్ ఉంటే తీరప్రాంత కళాశాల విద్యార్థి సైతం దానిని ఉచితంగా దించుకుని పరిశీలించవచ్చు.