‘అమృతం’ హాస్యము – దాని చిరస్థాయికి హేతువులు

ఒకమాఱు నవ్వించిన మాటను మఱల వినినపుడు నవ్వు తగ్గుట లోకానుభవము. ఒక కాలమున జనులను కడుపుబ్బ నవ్వించిన రచన యిరువది యేండ్లు గడచునప్పటికి వ్యాఖ్యానము లేనిదే బోధపడకుండుటయు కలదు. ఇట్లుండగా, 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వఱకు ఆదివారపు రాత్రులందు జెమినీ టీవీలో ప్రసారమైన ‘అమృతం’ అను హాస్య ధారావాహిక నేటికిని విసుగు పుట్టింపక నిలిచియున్నది. దీనికి హేతువేమి? గడచిన దినములపై గల మక్కువయే హేతువని కొందఱు చెప్పవచ్చును. కాని ఆ ప్రసారము నాటికి పుట్టియైన నుండని విద్యార్థులు నేడు యూట్యూబులో దానిని చూచి నవ్వుచుండగా ఆ సమాధానము చాలదు. కావున హేతువును ప్రేక్షకుల జ్ఞాపకములయందు గాక రచనయొక్క నిర్మాణమునందే వెదకవలెనని మా యభిప్రాయము.

గుణ్ణం గంగరాజుగారు సృష్టించి నిర్మించిన ఈ ధారావాహిక మూడువందలకు మించిన భాగములు గలది. తొలిభాగములకు చంద్రశేఖర్ యేలేటిగారు దర్శకత్వము వహించిరి. ఇతివృత్తము మిక్కిలి స్వల్పము. అమృతరావు, ఆంజనేయులు మిత్రులు. వారి భార్యలు సంజీవని, శాంత. మిత్రులిరువురును ‘అమృత విలాస్’ అను భోజనశాలను నడపుదురు. సర్వం అచటి సర్వరు. అప్పాజీ వీరి యింటి యజమాని. శీఘ్రముగ ధనవంతుడగుటకు అమృతరావునకు ఒక యుపాయము తట్టును. ఆంజనేయులు భయపడుచునే తోడు నడచును. ఉపాయము వికటించును. కథ ముగియునప్పటికి అందఱును బయలుదేరిన చోటికే చేరుదురు. తఱచుగ కానవచ్చు కథాచక్రమిదియే.

బయలుదేరిన చోటికే చేరుట యను ఈ లక్షణము ముఖ్యముగ గమనింపదగినది. సంస్కృత లాక్షణికులు ప్రహసనమును దశరూపకములలో నొకటిగ చెప్పిరి. తెలుగున కందుకూరి వీరేశలింగముగారు దానిని సంఘసంస్కరణమునకు సాధనముగ చేసికొనిరి. వారి ప్రహసనములలో దురాచారము బట్టబయలగుటయే పరమార్థము. ధారావాహిక హాస్యమునకు అట్టి యవకాశము లేదు. అమృతరావు బుద్ధి తెచ్చుకొనెనేని వచ్చు వారమునకు కథయే యుండదు. కనుక దోషమును మాన్పుటకు బదులు దోషముతో కూడిన మనుష్యుని సహించుట ఈ ప్రక్రియకు సహజ ధర్మమైనది. ప్రహసనము దండించును, ఇది ఓర్చుకొనును.

ఈ ధర్మము తెలుగువారికి మాత్రమే చెందినది కాదు. 1975, 1979 సంవత్సరములలో బీబీసీ ప్రసారము చేసిన ‘ఫాల్టీ టవర్స్’ యందును ఒక హోటలే రంగస్థలము. జాన్ క్లీజ్, కానీ బూత్ అనువారు వ్రాసిన ఆ పండ్రెండు భాగములలో నాయకుడగు బేసిల్ ఎన్నడును గుణపాఠము నేర్వడు. అయినను భేదమొకటి కలదు. బేసిల్ పతనమునకు మూలము క్రోధము; అమృతరావు పతనమునకు మూలము ఆశ. క్రోధము మనుష్యుని ఒంటరి చేయును. ఆశ తోడు కోరును. బేసిల్ తన కష్టమున ఏకాకి. అమృతరావునకు ఆంజనేయులు కలడు.

ఈ తోడు ఎంత బలీయమో నటుల చరిత్రయే చెప్పుచున్నది. అమృతరావు పాత్రను క్రమముగ శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అను మువ్వురు ధరించిరి. నాయకుని ముఖము మాఱినంతనే రచన కూలిపోవుట సాధారణము. ఇచట అట్లు జరుగలేదు. ఏలయన, ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు ఆద్యంతము నిలిచిరి. ఆశపడు వాని ముఖము మాఱినను, ఆ యాశను విని బెదరు ముఖము మాఱలేదు. ప్రేక్షకులు అమృతరావును ఆంజనేయుల కన్నులతోనే గుఱుతించిరి. సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు రచింపగా కల్యాణి మాలిక్‌గారు స్వరపఱచిన శీర్షికాగీతము సైతము ఆంజనేయులను సంబోధించి ధైర్యము చెప్పునదే యగుట ఈ సందర్భమున స్మరణీయము. హాస్యమిచట ఒక వ్యక్తియందు లేదు. ఇరువురి నడుమ నున్నది.

ఇక రసదృష్టితో పరిశీలింతము. భరతుడు హాస్యమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండు విధములుగ చెప్పెను. తాను నవ్వునది ఆత్మస్థము. ఒరులను నవ్వించునది పరస్థము. ‘అమృతం’ పాత్రలు నవ్వులాటకై మాటాడువారు కారు. ఇంటి యద్దె, హోటలు బేరము, భార్యల కోపము వారికి ప్రాణసంకటములే. తాము నవ్వక మనలను నవ్వింతురు. మేము మొదట లేవనెత్తిన ప్రశ్నకు సమాధానమిచటనే దొరకుచున్నది. చమత్కారవాక్యము వింతపై నాధారపడును. వింత తీఱగనే వాడిపోవును. స్వభావముపై నాధారపడిన హాస్యమునకు వింతతో పని లేదు. ఉపాయము చెడునని మనకు ముందే తెలియును, అమృతరావునకు తెలియదు. మఱల చూచినపుడు మన యెఱుక హెచ్చును గాని అతని యమాయకత తఱుగదు. ఆ రెంటి నడుమ దూరము పెరుగుకొలది నవ్వును పెరుగును. కావుననే పునర్దర్శనము ఈ రచనకు లోపము గాక బలమైనది.

ఈ నిర్ణయమునకు ఎదురు పరీక్షయు నొకటి జరిగినది. 2014లో గంగరాజుగారే ‘చందమామలో అమృతం’ అను చలనచిత్రమును తీసి ఈ పాత్రలను చంద్రునిపైకి పంపిరి. సృష్టికర్త వారే, పేర్లవే. అయినను ధారావాహికకు దక్కిన యాదరము దానికి దక్కలేదు. అద్దె యింటి గోడల నడుమ పెద్దదిగ తోచు ఆశ ఆకాశమున చిన్నబోయినదని మాకు తోచుచున్నది. స్వభావము శాశ్వతమైనను, దానికి సామాన్యమైన నేల కావలెను.

తెలుగు శాఖలలో ప్రహసనములపై పరిశోధనలు వెలువడినవి. ‘కన్యాశుల్కము’లోని సంభాషణలపై చర్చ నేటికిని సాగుచున్నది. ఆ నాటకము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడినది. అచ్చు గ్రంథముండుటచేతనే మన కది పాఠ్యమైనది. ‘అమృతం’ మనకు దృశ్యరూపముననే లభించుచున్నది. దానిని పరిశోధింపగోరు విద్యార్థి మొదట భాగములను విని సంభాషణలను అక్షరబద్ధము చేసికొనవలెను. ఈ శతాబ్ది తొలినాళ్ల మధ్యతరగతివారు మిత్రునితో, భార్యతో, ఇంటి యజమానితో ఎట్లు మాటాడిరో, ఇంగ్లీషు పదములను ఎచట కలిపిరో, ఎచట మానిరో తెలియుటకు అది సాధనమగును. టీవీలో వచ్చినదను కారణమున దీనిని వాఙ్మయ పరిధికి వెలిగా నుంచినచో, ఒక తరము తన్ను తాను చూచి నవ్వుకొనిన తీరు మన చరిత్రలో చేరకయే పోవును. నవ్వు నిలిచియున్నది, దానిని పఠించు పని మిగిలియున్నది.