మంచుమీది హాకీ: లెస్టర్ పాట్రిక్

హాకీ యనగానే మనకు పచ్చికబయలును, ధ్యాన్‌చంద్‌ను, 1928వ సంవత్సరమున ఆంస్టర్‌డాంలో మనవారు గెలిచిన ఒలింపిక్ స్వర్ణమును స్ఫురించును. అదే సంవత్సరమున కెనడాలో వేరొక హాకీ పోటీయందు జరిగిన సంఘటనను శ్రోతలకు వివరింపదలచితిమి. ఆ హాకీ మంచుమీద ఆడునది. ఆటగాండ్రు ఉక్కుపలకలు బిగించిన బూట్లతో జారుచు, బంతికి బదులు గట్టి రబ్బరుబిళ్లను కర్రలతో కొట్టుదురు.

లెస్టర్ పాట్రిక్ 1883 డిసెంబరు 31వ తేదీన క్విబెక్ రాష్ట్రమునందు జన్మించెను. మాంట్రియల్ వాండరర్స్ జట్టున నుండి 1906, 1907 సంవత్సరములలో స్టాన్లీ కప్పు గెలిచెను. ఆటకు జీతము పుచ్చుకొనుట అప్పుడప్పుడే ఆరంభమగుచున్న కాలమది. 1909-10 శీతకాలమున రెన్‌ఫ్రూ జట్టు ఆతనికి 3,000 డాలర్లిచ్చినది.

1911లో తండ్రి కలపవ్యాపారమును విక్రయింపగా వచ్చిన ధనముతో లెస్టరును, తమ్ముడు ఫ్రాంకును పసిఫిక్ తీరమున నూతన లీగును స్థాపించిరి. అచ్చట చలి స్వల్పము, మంచు నిలువదు. అందుచే నేలక్రింది గొట్టములలో అతిశీతలమైన ఉప్పునీటిని ప్రవహింపజేసి, పైనున్న నీటిని గడ్డకట్టించు పద్ధతిని అవలంబించి, వాంకూవరు, విక్టోరియా నగరములలో క్రీడాశాలలు నిర్మించిరి. కెనడాలో కృత్రిమపు మంచు అచ్చటనే మొదలయ్యెను. ఆట నియమములను గూడ వారు సంస్కరించిరి. అంతవరకు గోలురక్షకుడు నిలువబడియే బిళ్లను ఆపవలెను. మంచుపై వ్రాలినచో శిక్ష తప్పదు. సోదరులు ఆ నిషేధమును తొలగించిరి.

1925లో లెస్టర్ శిక్షణనందిన విక్టోరియా జట్టు స్టాన్లీ కప్పు గెలిచెను. మరుసటి సంవత్సరము ఆతడు న్యూయార్క్ రేంజర్స్ జట్టునకు శిక్షకుడయ్యెను.

1928 ఏప్రిలు 7వ తేదీన, మాంట్రియల్‌లో, తుది పోటీలలో రెండవ ఆట జరుగుచుండెను. రేంజర్స్ గోలురక్షకుడు షాబో కంటికి బిళ్ల తగిలి గాయపడెను. ఆనాడు జట్టునకు రెండవ గోలురక్షకుడుండు ఆచారము లేదు. ప్రేక్షకులలోనున్న పరజట్టు రక్షకుని తీసికొనుటకు ప్రత్యర్థులు సమ్మతింపరైరి. అప్పుడు నలువదినాలుగేండ్ల శిక్షకుడే కవచములు తొడుగుకొని గోలుముందు నిలిచెను. మంచుపై వ్రాలి బిళ్లనాపుటకు తానొసంగిన స్వేచ్ఛ ఆనాడు తనకే అక్కరకు వచ్చినది. ఆతడు ఒక్క గోలు మాత్రమే ఇచ్చెను. అదనపు కాలమున రేంజర్స్ 2-1తో గెలిచిరి. పిదప కప్పును గూడ గైకొనిరి.

1933లో మరల కప్పు గెలిపించి, 1939లో ఆతడు శిక్షకపదవిని వీడెను. 1940లో రేంజర్స్ గెలిచిన కప్పు నాటికి ఆతడు మేనేజరు. ఆతని కుమారులిరువురు ఆ జట్టున ఆటగాండ్రు. 1960 జూను 1వ తేదీన ఆతడు స్వర్గస్థుడయ్యెను.

ఈ గాథను వీరగాథగా చెప్పుకొనుట పరిపాటి. మనకు వేరొకటియు తోచుచున్నది. షాబో ముఖమునకు రక్షణలేదు. ఆతని స్థానమున నిలుచుటకు మనుష్యుడు లేడు. 1959లో జాక్ ప్లాంట్ ముఖకవచము ధరించి ఆడిన పిమ్మట ఆ అలవాటు వ్యాపించెను. నేడు ప్రతి జట్టునను రెండవ గోలురక్షకుడు సిద్ధముగ నుండును. శిక్షకుని సాహసమును కొనియాడుదము. అట్టి సాహసము మరల అవసరపడకుండ చేసిన నియమములను గూడ మరువకుందము.