ఎడమ కాలి పని ఎవరు చేస్తున్నారు?

పూండి రైల్వే స్టేషన్ బయట కాసేపు నిలబడితే ఆటోమేటిక్ బండ్లు వరసగా కనిపిస్తాయి. వాటిని నడిపేవాళ్లు మాత్రం వాటికి ఆ పేరు పెట్టరు. వెనక కొబ్బరికాయల బస్తా కట్టిన టీవీఎస్ మోపెడ్‌కు క్లచ్ లివర్ లేదు. పలాస వైపు వెళ్లే స్కూటర్‌కు గేరు పెడల్ లేదు. వీటిని ఊరంతా నమ్మకంగా నడుపుతుంది. కారు కొనే మాట వచ్చేసరికి మాత్రం అదే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. ఆటోమేటిక్ అయితే బండి మన మాట వినదంటారు, పికప్ ఉండదంటారు, మైలేజీ ఇవ్వదంటారు, బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేయలేమంటారు.

ఇవేవీ ఊరికే అన్న మాటలు కావు. కాకపోతే ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పోలిక లేని యంత్రాలు చాలా ఉన్నాయి. ఒకదాని తప్పు ఇంకొకదాని మీద పడుతోంది.

అసలు చిక్కు ఇంజిన్‌లో ఉంది. పెట్రోలు ఇంజిన్ వేగం మరీ తగ్గితే కొట్టుకుని ఆగిపోతుంది. రైలు గేటు దగ్గర ఆగిన కారు చక్రం తిరిగేది సున్నా. తిరుగుతున్నదాన్నీ ఆగివున్నదాన్నీ కలపాలంటే మధ్యలో ఏదో ఒకటి జారాలి. మాన్యువల్ బండిలో జారేది క్లచ్ ప్లేటు. అది ఎంత జారాలో, ఎప్పుడు పట్టుకోవాలో తేల్చేది మన ఎడమ కాలు. హాఫ్ క్లచ్ అంటే అదే. ఆ కాలి పనిని ఎవరికి అప్పగించామన్నదే ఒక ఆటోమేటిక్‌కూ ఇంకో ఆటోమేటిక్‌కూ తేడా.

స్కూటర్‌లో ఆ పని అపకేంద్ర బలానిది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని చిన్న రోలర్లు బయటికి జరిగి పుల్లీని దగ్గరికి నొక్కుతాయి. బెల్టు పైకెక్కుతుంది, వెనక పుల్లీలో కిందికి దిగుతుంది. ఒకటో గేరు, రెండో గేరు అన్న మెట్లు లేవు, అంతా వాలుదారే. వెనక ఉన్న క్లచ్ షూలు కూడా వేగానికే విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. 1984లో కైనెటిక్ హోండా మన రోడ్ల మీదికి తెచ్చిన ఏర్పాటు ఇది. కార్లలో సీవీటీ అన్నది దీని పెద్దన్నే.

రెండో తోవ నూనెది. దీని పుట్టుక సముద్రం మీద జరిగిందంటే మన తీరం వాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. ఓడలోని ఆవిరి టర్బైన్ వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది, నీళ్లలోని పంకా నెమ్మదిగా తిరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకదాన్ని వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, గాలి బదులు నూనె అనుకోండి. ఫోటింగర్ ప్రతిభ మూడో చక్రంలో ఉంది. తిరిగి వచ్చే నూనెను ఆ చక్రం వంచి, ఇంజిన్ తిరిగే వైపే మళ్లీ తోస్తుంది. అందుకే బండి కదిలే క్షణంలో ఇంజిన్ ఇచ్చే తిప్పుడు బలం దాదాపు రెట్టింపై చక్రాలకు చేరుతుంది. ఇదే టార్క్ కన్వర్టర్. నూనె జారుడులో కొంత శక్తి వేడిగా పోతుంది కాబట్టి పాత బండ్ల మైలేజీ మీద వచ్చిన చెడ్డపేరు నిజమే. ఇప్పటివాటిలో బండి వేగం అందుకున్నాక ఆ జారుడును ఆపే లాక్ ఉంటుంది.

మన దగ్గర ఎక్కువమంది తిట్టేది మూడోదాన్ని, అంటే ఏఎంటీని. 2014లో మారుతీ సెలేరియోతో అందుబాటు ధరకు వచ్చింది. నిజానికి ఇది మాన్యువల్ గేరుబాక్సే. అవే పళ్లచక్రాలు, అదే పొడి క్లచ్. మనిషి కాలూ చెయ్యీ చేసే పనిని కంప్యూటర్ ఆజ్ఞతో మోటార్లు గానీ నూనె ఒత్తిడి గానీ చేస్తాయి. గేరు మారే క్షణంలో ఇంజిన్‌కూ చక్రానికీ తెగతెంపులు తప్పవు. మాన్యువల్‌లో ఆ విరామం మనం చేసిందే కాబట్టి ఒళ్లు ముందే సిద్ధమవుతుంది. ఇక్కడ చెప్పకుండా వస్తుంది, తల ముందుకు ఊగుతుంది. గేరు మారబోయేముందు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆ కుదుపు చాలావరకు పోతుంది.

అక్కుపల్లి తీరం వైపు ఇసుకలో దిగినప్పుడు మాత్రం పాత డ్రైవర్ల మాటే నెగ్గుతుంది. ఇసుకలో ఊపు పోకూడదు. అనుభవం ఉన్నవాడు తక్కువ గేరు పట్టుకుని నిలకడగా లాగిస్తాడు. ఏఎంటీ మధ్యలో గేరు మార్చిందంటే ఆ అర సెకనులో ఊపు పోయి చక్రం కూరుకుపోతుంది. క్లచ్ జారితే వేడెక్కుతుంది. అలాంటి చోట లివర్‌ను మాన్యువల్ వైపు తోసి తక్కువ గేరులో ఉంచాలి. బ్యాటరీ పూర్తిగా దిగితే తోసి స్టార్ట్ చేయలేమన్న ఫిర్యాదు కూడా నిజం, అది దాదాపు అన్ని ఆటోమేటిక్ కార్లకూ వర్తిస్తుంది.

ఎలక్ట్రిక్ ఆటోలకు ఈ క్లచ్ గొడవ లేదు. మోటారు ఆగివున్న స్థితి నుంచే బలం ఇస్తుంది, జారాల్సిన అవసరమే లేదు.

నా మటుకు నేను కొత్తగా నేర్చుకునేవాళ్లను మాన్యువల్ మీదే మొదలుపెట్టమంటాను. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవాళ్లకు మాన్యువల్ నడిపే అనుమతి రాదు. మన చట్టం మోటారు సైకిళ్లను గేరు ఉన్నవీ లేనివీ అని విడదీసింది గాని, కార్ల విషయంలో ఆ గీత గీయలేదు. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే ఎవరి మాన్యువల్ బండో తీసుకుని పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిరావచ్చు.

ఏళ్లతరబడి మాన్యువల్ నడిపి ఆటోమేటిక్‌కు మారేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. బండి ఆపబోతూ ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేకు పెడల్‌ను దబాలున తొక్కుతుంది. వెనకాల జీడిపప్పు లారీ వస్తుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొదటి వారం తెల్లవారుజామున ఖాళీగా ఉండే ఊరి రోడ్ల మీద నడపండి. ఎడమ కాలిని వెనక్కి లాగి సీటుకు ఆనించి ఉంచండి.