పద్మినీ ముందు స్ప్రింగులు మార్చాం: 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ నేర్పిన పాఠం

ఈసారి రివ్యూ ఫోన్‌ది కాదు. స్ప్రింగ్ కంప్రెసర్ అనే ఒక టూల్‌ది. అయితే కథలో ఫోన్ కూడా ఉంది.

మొగల్తూరులో మా బాబాయ్ దగ్గర పాత ప్రీమియర్ పద్మినీ ఉంది. 1089 సీసీ ఇంజిన్ ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ ముందు ఎడమ పక్క కుంగిపోయింది. పేరుపాలెం సముద్రం దగ్గరే కదా, ఉప్పుగాలికి కాయిల్ స్ప్రింగు మీద తుప్పు గుంటలు పడ్డాయి. స్టీలు పగులు సాధారణంగా అలాంటి గుంట దగ్గరే మొదలవుతుంది. అందుకే రెండు పక్కలా కొత్తవి వేద్దామనుకున్నాం. అంబాసిడర్ అయితే ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. ఈ పనే ఉండేది కాదు.

అసలు భయం దేనికి?

పద్మినీ బరువు సుమారు 900 కిలోలు. అంటే ఒక్కో ముందు చక్రం మీద 220 కిలోల దాకా పడుతుంది. స్ప్రింగు చక్రం కంటే లోపలికి ఉంటుంది కాబట్టి, దాని మీద పడే ఒత్తిడి ఇంకా ఎక్కువ. 10 సెంటీమీటర్లు నొక్కడానికి 600 కిలోల బరువు కావలసిన స్ప్రింగు ఒకటుందనుకోండి. అంత నొక్కితే అందులో దాదాపు 300 జౌళ్ల శక్తి చేరుతుంది. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండే శక్తికి ఇది రెండున్నర రెట్లు. మన 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండే శక్తి దీనికి 200 రెట్ల పైమాటే. కానీ బ్యాటరీ దాన్ని రోజంతా మెల్లగా ఇస్తుంది. స్ప్రింగు రెప్పపాటులో ఇచ్చేస్తుంది.

ఏం జరిగిందంటే

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కొక్కేల రకం కంప్రెసర్ తెప్పించాను. రీల్ కోసం ఫోన్‌ని స్ప్రింగు ఎదురుగా పెట్టి, ఫ్రేమ్ సరిచేస్తూ మొహం అక్కడే పెట్టాను. మా ఊరి మెకానిక్ ఒకాయన చూసి, "ఒరేయ్ అబ్బాయ్, తుపాకీ గొట్టంలోకి తొంగిచూస్తావా? పక్కకి రా ముందు" అని అరిచారు. లేచి పక్కకి వచ్చాను. రెండు నిమిషాలు కాలేదు, ఒక కొక్కెం జారింది. స్ప్రింగు ఎగిరి మడ్‌గార్డ్‌కి సొట్ట పెట్టింది.

ఆ వీడియో ఇప్పటికీ దాచుకున్నాను. 240 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 4 మిల్లీసెకన్లు. కొన్ని ఫ్రేములు తిరిగేసరికే స్ప్రింగు అక్కడ లేదు. తప్పుకుందామనుకునే టైమ్ కూడా ఉండదు.

మర్నాడు ఆయన దగ్గరుండి చేయించిన పద్ధతి

ముందురోజు రాత్రే బోల్టులకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టాం. గట్టి చదును నేల మీద బండి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టాం. జాకీతో లేపాక బరువంతా ఛాసిస్ కింద పెట్టిన స్టాండ్ల మీదకి దింపాం. ఇటుకలు వద్దు, ఒక్క జాకీని నమ్మొద్దు.

విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీశాను. ఫోన్ అసలు పనికొచ్చింది ఇక్కడే. షాక్ అబ్జార్బర్ తీసి, కింది ఆర్మ్‌కి జాకీ ఊతం ఇచ్చాం. ఈసారి స్ప్రింగు లోపలి నుంచి పట్టే గట్టి కంప్రెసర్ అద్దెకి తెచ్చాం. మరకి గ్రీజు రాసి, చేతి స్పానర్‌తోనే మెల్లగా బిగించాం. ఇంపాక్ట్ గన్ వాడితే మర అరిగిపోవచ్చు, తెగిపోవచ్చు. కొక్కేల రకమే వాడాల్సి వస్తే రెండూ ఎదురెదురుగా పట్టించి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుతూ పోవాలి. రెండు రకాల్లోనూ స్ప్రింగునీ ఆర్మ్‌నీ కలిపి గొలుసు చుట్టాలి.

స్ప్రింగు చేత్తో తిప్పితే వదులుగా తిరిగాకే ఆర్మ్ విప్పి, జాకీ నెమ్మదిగా దించాం. తీశాక దాని చివరలు ఎవరి వైపూ పెట్టలేదు. నొక్కి ఉన్నదాన్ని అలాగే వదిలేసి టీకి వెళ్లకుండా, వెంటనే నెమ్మదిగా వదులు చేశాం.

బిగించేటప్పుడు అంతా తిరగేసి చేయడమే. ముందు కొత్త జత ఎత్తు సమానంగా ఉందో లేదో చూశాం. స్ప్రింగు చివర సీటు గాడిలో సరిగ్గా కూర్చోవాలి. రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా పోతుంది. చివరగా వీల్ అలైన్‌మెంట్. బండి కిందకి కనబడాలని స్ప్రింగు కోయడం, గ్యాస్‌తో కాల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మన మాట

కంప్రెసర్ కొనేటప్పుడు రేటు కాదు, కొక్కెం పట్టు, మర నాణ్యత చూడండి. మొదటిసారి అయితే తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. సొట్టని బాబాయ్ బాగు చేయించనివ్వలేదు. "ఉండనీరా, నీ మొహానికి బదులు తగిలింది కదా" అన్నారు.