పోలీసుల ముందు ఒప్పుకుంటే శిక్ష పడుతుందా?

“నేరం ఒప్పుకున్న నిందితుడు” అని పేపర్లో చదువుతుంటాం. ఇక కేసు తేలిపోయినట్టేనా? కాదు. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఎందుకంటే దెబ్బలకు తాళలేక మనిషి చేయనిదీ చేశానంటాడు. బ్రిటిష్ కాలపు 1872 సాక్ష్య చట్టంలోనూ ఈ నియమం ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది.

నిజంగానే ఒప్పుకోవాలనుకుంటే మేజిస్ట్రేటు దగ్గర చెప్పాలి. ఆయన ముందే హెచ్చరిస్తారు: చెప్పి తీరాలనేం లేదు, చెబితే మీకే వ్యతిరేకంగా వాడొచ్చు అని. చెప్పనంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. పంపితే ఆ రాత్రి స్టేషన్లో ఏమవుతుందో ఊహించండి!

ఒక మెలిక మాత్రం ఉంది. “నేను పొడిచిన కత్తి బావిలో పడేశా” అని కస్టడీలో చెప్పాడనుకోండి. బావిలో కత్తి దొరికితే, ‘బావిలో పడేశా’ అన్నంతవరకే కోర్టు తీసుకుంటుంది. ‘నేను పొడిచిన’ అన్నది పోలీసులు వేరే సాక్ష్యంతో రుజువు చేయాల్సిందే.